పోలయ్య తన పేరు చెప్పిన రేవు

అనగనగా, ఏటి మీద వంతెన ఉంటుందని ఎవరూ కలలో కూడా అనుకోని కాలం. అప్పట్లో రేవులో ఏరు దాటాలంటే పుట్టే దిక్కు. వెదురు అల్లి, తోలు బిగించి, పెద్ద బుట్టలా గుండ్రంగా చేస్తారే, అదే పుట్టి.

ఆ ఏటి ఒడ్డున రేగులపేట. ముప్పై గుడిసెలు, ఒక తాటాకు మందిరం. పేటవాళ్ళు యేసయ్యను నమ్ముకుని అప్పటికి పట్టుమని పదేళ్ళు కాలేదు.

ఒక ఎండాకాలం పుట్టిని నెత్తిన బోర్లించుకుని ఒక మనిషి ఆ రేవుకి వచ్చాడు.

"పేరేందయ్యా?" అన్నారు.

"అంకయ్య."

"ఏ ఊరు?"

"ఎగువన."

అంటూనే పుట్టి దించాడు. రేవు పక్కనే పాక వేసుకున్నాడు. పొద్దున్నే కూలికి పోయేవాళ్ళను ఆవలి ఒడ్డుకు చేర్చేవాడు, పొద్దుగూకే వేళకు తిరిగి తెచ్చేవాడు. పెట్టింది తినేవాడు.

కానీ అతని పేరు అంకయ్య కాదు. పోలయ్య.

కొన్నేళ్ళ కిందట ఎగువ రేవులో పోలయ్య పుట్టి నడిపేవాడు. ఒకనాడు సంత నుంచి వస్తున్న యాకోబు అనే మనిషిని ఎక్కించుకున్నాడు. నడి ఏట్లో ఉండగా వరద తగిలింది. పుట్టి గిరగిరా తిరిగింది. పోలయ్యకు గుండె జారింది. పుట్టి తోసే గెడ వదిలేశాడు, నీళ్ళలో దూకాడు, ఈదుకుంటూ పోయాడు. యాకోబుకు ఈత రాదు. "పోలయ్యా! పోలయ్యా! పోలయ్యా!" అని మూడుసార్లు కేకేశాడు. నాలుగో కేక లేదు.

ఆ కేక పోలయ్య చెవుల్లోంచి పోలేదు. ఊరు మారాడు, పేరు మార్చాడు. అయినా పోలేదు. చివరికి ఆ యాకోబు పెళ్ళాం లేయమ్మ, ఆమె కూతురు రేగులపేటలో ఉన్నారని విని ఈ రేవుకి వచ్చాడు. వాళ్ళను దాటించే పనైనా చేద్దామనుకున్నాడు. తానెవరో చెప్పే ధైర్యం మాత్రం లేదు.

లేయమ్మేమో మొదటి ఏడంతా అతని పుట్టి ఎక్కలేదు. రెండు కోసులు నడిచి, ఏరు పాయలైన చోట మోకాలి లోతున దాటేది. పాపం, లోతు నీళ్ళంటే భయం కాబోలు అనుకున్నాడు పోలయ్య.

ఏటా కోతలయ్యాక ఆ రేవులోనే బాప్తిస్మాలు. పోలయ్య దినం తప్పకుండా మందిరం గడప బయట కూచుని వాక్యం వినేవాడు. వాక్యం చెప్పే శాంతయ్య అయ్యగారు అది చూశారు.

మొదటి ఏడు పిలిచారు. "అంకయ్యా, దిగరాదూ?"

"వద్దు అయ్యగారూ. నన్నెరిగితే మీరు పిలవరు."

రెండో ఏడు పిలిచారు.

"వద్దు అయ్యగారూ. నన్నెరిగితే మీరు పిలవరు."

మూడో ఏడు పిలిచారు. అదే మాట. అయ్యగారు ఈసారి ఊరుకోలేదు.

"ఒరే, నేను ఎరగకుండా పిలుస్తున్నాను, ఒప్పుకుంటా. పిలిచేది నేనొక్కణ్ణే అయితే నువ్వన్నది నిజమే. పైనున్నాయన సంగతేంటి? నువ్వు ఏ పేరు చెప్పినా ఆయన వినేది అసలు పేరే గదా? ఎరిగే పిలుస్తున్నాడురా నిన్ను."

పేటంతా చూస్తుండగా పోలయ్య ఏట్లోకి దిగాడు. నడుంలోతు నీళ్ళలో నిలబడి ఒడ్డువైపు తిరిగాడు.

"నా పేరు అంకయ్య కాదు," అన్నాడు. "నేను పోలయ్యను. ఎగువ రేవులో యాకోబును వదిలేసి పారిపోయిన పోలయ్యను."

ఒడ్డు మీద గోల లేచింది. ఒకడు కర్ర తీశాడు. ఇద్దరు నీళ్ళలోకి దూకబోయారు. అప్పుడు లేయమ్మ లేచింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, అందరికన్నా ముందు ఏట్లోకి నడిచింది. కొడుతుందనే అనుకున్నాడు పోలయ్య. తల వంచాడు.

"ఎరుగుదును," అంది లేయమ్మ.

పోలయ్య తలెత్తాడు.

"ఆ దినం మా ఆయన కోసం ఎదురుచూస్తా ఎగువ రేవు ఒడ్డునే నిలబడున్నా. నువ్వు దూకడం ఈ కళ్ళతో చూశా. ఈ రేవుకి వచ్చిన పూటే గుర్తుపట్టా. మొదటి ఏడు నిన్ను చూస్తే మొహం తిప్పుకునేదాన్ని. నీ పుట్టి ఎక్కలేదు. రెండో ఏడు ఎక్కా. నువ్వు గెడ వదలకుండా పట్టుకుంటే నీ చేతులనే చూస్తా కూచున్నా. మూడో ఏడు నా బిడ్డను ఒంటరిగా ఎక్కించా. అన్నీ ఎరిగే ఎక్కించాను, పోలయ్యా. మట్టి మనిషిని, నాకే ఇంత చాతనైతే, నిన్ను చేసినాయనకు చాతగాదా? రా."

చెయ్యి చాపింది. పోలయ్య ఏడుస్తూ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

అయ్యగారు అడిగారు. "నీకేం పేరు పెట్టమంటావురా? సీమోనా? స్తెఫానా?"

"పేరు మార్చుకునే ఇన్నేళ్ళు దాక్కున్నాను అయ్యగారూ. ఆయన పిలిచింది పోలయ్యను. పోలయ్యగానే ముంచండి."

పోలేరమ్మ పేరు గదా అని పెద్దలు గొణిగారు. అయ్యగారు వినలేదు. పోలయ్యగానే ముంచారు, పోలయ్యగానే లేపారు.

తర్వాత చాలా ఏళ్ళకు పెద్ద వరద వచ్చింది. పేటలోకి నీళ్ళు వచ్చాయి. పోలయ్య మూడు దఫాలు పుట్టి తోసి ముసలీ ముతకనూ, పిల్లల తల్లుల్నీ మెరకకు చేర్చాడు. మూడో దఫాలో బరువెక్కువై పుట్టి మునగబోయింది. పోలయ్య నీళ్ళలోకి దూకాడు. దూకి, పుట్టి అంచు పట్టుకుని, ఈదుతూ ఒడ్డుదాకా నెట్టాడు. ఒక్క ప్రాణం పోలేదు.

"యాకోబు ఉసురుకు ఇదే సరిపోయిందిరా," అని పేట పెద్ద అతని వీపు తట్టాడు.

"అట్లా అనొద్దు పెద్దాయనా," అన్నాడు పోలయ్య. "ఏదీ సరిపోదు. చేతిలో ఏ మంచీ లేని నాడే ఆయనా, లేయమ్మా నన్ను ప్రేమించారు. ఇది దానికి బదులు కాదు. ఆ ప్రేమ ఉంది గనక పుట్టి వదల్లేదు, అంతే."

ముసలివాడై, లేయమ్మ మనవల నడుమ, గంజి తాగుతూ ప్రశాంతంగా కన్ను మూశాడు. యాకోబుకు సమాధి లేదు, ఏరు తీసుకుపోయింది. అందుకని లేయమ్మ కూతురు పోలయ్య సమాధి రాయి మీదే ఇద్దరి పేర్లూ చెక్కించింది.

ఈనాటికీ రేగులపేటలో బాప్తిస్మానికి దిగినవాళ్ళు కొత్త పేరు అందుకునే ముందు తమ పాత పేరు, దాచుకున్న పాత తప్పు గొంతెత్తి చెబుతారు. ఒడ్డున ఉన్న జనమంతా ఒక్క గొంతుతో "ఎరుగుదుం, రా!" అంటారు. ఎవరిని బాధపెట్టారో వాళ్ళు ఉంటే, ముందుగా వాళ్ళే చెయ్యి చాపుతారు.

చుట్టుపక్కల ఏ మందిరంలోనూ వినబడని పేరు ఒకటి ఆ పేటలో ఇంటింటా ఉంటుంది. కొత్తగా వచ్చిన అయ్యగార్లు విడ్డూరపడి, "యేసయ్య బిడ్డలకు పోలయ్య అని పేరేమిటమ్మా?" అని అడుగుతారు. అప్పుడు తల్లులు బిడ్డను చంకలో ఎగేసుకుని, తల ఎత్తి చెబుతారు:

"దేవుడు ఎరిగి పిలిచిన పేరండీ అది. మా ఊరిది."