కదురమ్మ ముల్లు మొన

అనగనగా అని చెప్పుకునే రోజులకి ఇంకాస్త వెనక, ఒక అడవి ఉండేది. ఆ అడవినేలే రాణి ఒక ఆడసింహం. ఆమెకి లేకలేక ఒక కూన పుట్టాడు.

రాణిగారి వంటశాల ఒక కొండ గుహలో ఉండేది. వంటపెద్ద బొంతయ్య అనే ఎలుగుబంటి. గరిటె తిప్పేవాడు కొమ్మన్న అనే కోతి. మూటలు, బుట్టలు, కుండలు విప్పేది కదురమ్మ అనే ఏదుపంది.

కదురమ్మకి ఆ పని ఎలా దొరికిందో చెబుతాను, వినండి. అడవిలో ఆమెని పక్కన కూర్చోనిచ్చేవాళ్లే లేరు. "అమ్మో, ముళ్లది వస్తోంది! జరుగు, జరుగు" అనేవారు. పెళ్లికి వెళితే గుమ్మం బయటే విస్తరి. ఏటికి వెళితే అందరూ వెళ్లిపోయాకే నీళ్లు.

ఒకనాడు బొంతయ్య గోనెమూట కుట్టు ఊడదీయలేక చెమటలు కక్కుతున్నాడు. కదురమ్మ తన వీపు నుంచి ముల్లొకటి పీకి, కుట్టులో దూర్చి, సర్రున లాగింది. మూట మూతి తెరుచుకుంది. "భలే తల్లీ! రేపటినుంచి పనిలోకి రా" అన్నాడు బొంతయ్య. ఆ ఒక్క మాటకి ఆమె ఆ రాత్రంతా నిద్రపోలేదు.

వంటశాలకి ఒక కట్టుబాటు ఉండేది. ఏది విప్పినా బయట వాకిట్లో బండమీదే విప్పాలి. ముందు పైనున్న దుమ్ము తుడవాలి. లోపలి సరుకు వేరే పళ్లెంలోకి వంచి కళ్లారా చూడాలి. ఆ తర్వాతే పొయ్యి దగ్గరికి తేవాలి.

యువరాజు అన్నప్రాశన రోజు వచ్చింది. ఆ రోజు యువరాజుతోపాటు, అడవిలో పళ్లు రాని పసికూనలందరికీ రాణిగారి పరమాన్నమే మొదటి ముద్ద.

తెల్లారేసరికి కుండపోత వాన. వాకిట్లో బండ నీళ్లలో మునిగిపోయింది. గుండిగలో పాలు మరుగుతున్నాయి. కదురమ్మ మూట పట్టుకుని గడప దగ్గర నిలబడిపోయింది.

"ఏంటక్కా ఆ చూపు? వాన నీ చుట్టమా, చెబితే ఆగడానికి?" అన్నాడు కొమ్మన్న. "గుండిగ మీదే పట్టుకుని విప్పేసెయ్. నువ్విలా నిలబడితే యువరాజుకి జూలు మొలుస్తుంది."

కదురమ్మ బొంతయ్య వైపు చూసింది. బొంతయ్య వినీ విననట్టు పొయ్యిలో కట్టె ఎగదోశాడు.

మొదట సామల మూట. కదురమ్మ దాన్ని గుండిగ మీదికి ఎత్తి, కుట్టులో ముల్లు దూర్చి లాగింది. సామలు జలజలా పడ్డాయి. వాటి వెంట పురికొస ముక్కొకటి పడి పాలమీద తేలింది. ఆమె గబుక్కున గరిటెతో తీసి పారేసింది. ఎవరూ చూడలేదు.

రెండోది బెల్లం బుట్ట. దాని చుట్టూ తాటాకు అల్లిక. చీల్చేసరికి ఆకు పీలిక ఒకటి బెల్లంతోపాటు జారింది. ఈసారి కొమ్మన్న చూశాడు. వేలితో చటుక్కున తీసి, చప్పరించి, నవ్వాడు.

"దీనికే మొహం అలా పెట్టావేంటక్కా? తిప్పుతూ తిప్పుతూ నా తోక వెంట్రుకలు ఎన్ని పడి ఉంటాయో! ఎవరైనా చచ్చారా?"

"అలా అనకురా" అంది కదురమ్మ. అన్నదే గానీ, బుట్ట పక్కన పెట్టి మూడోదానికి చెయ్యి చాపింది. రెండుసార్లూ దొరికాయి కదా అని మనసుకి సర్దిచెప్పుకుంది.

మూడోది నెయ్యి కుండ. మూత చుట్టూ గట్టి లక్క. గుండిగ మీదే పట్టుకుని, ముల్లు గుచ్చి మూతని పైకి ఎత్తింది. టక్కుమని చిన్న చప్పుడు. మూత ఊడింది. కుండ వంచితే నెయ్యి ధారగా గుండిగలో పడింది. గుహంతా కమ్మని వాసన.

కదురమ్మ చేతిలోని ముల్లు చూసుకుంది. దానికి మొన లేదు.

మూత తిప్పి చూసింది. లక్కలో వెతికింది. నేలమీద పాకుతూ తడిమింది. ఎక్కడా లేదు. గుండిగలో పరమాన్నం బుడబుడమంటోంది. ఒక్కో బుడగ పగిలినప్పుడల్లా మొన అక్కడే తేలినట్టుంటుంది, చూస్తే సామగింజ.

"బాబాయ్" అంది.

"ఏంటి తల్లీ?" అన్నాడు బొంతయ్య.

చెప్పబోయి ఆగింది. చెబితే ఏమవుతుంది? మళ్లీ 'ముళ్లది, జరుగు' అంటారు. ఈసారి ఆ మాట అబద్ధం కూడా కాదు. పడి ఉండదులే. బూడిదలోకి ఎగిరి ఉంటుంది. పడినా ఉడికి మెత్తబడుతుందేమో. ముల్లు మెత్తబడుతుందా ఎక్కడైనా?

"ఏం లేదు బాబాయ్. యాలకులు వేశారా అని."

ఇంతలో శంఖం మోగింది. గుహ ముందు తల్లులంతా చేరారు. కుందేలు తన పిల్లల్ని చెవులు దువ్వి తెచ్చింది. ఉడుత తన బిడ్డని ఆకులో చుట్టి తెచ్చింది. కొమ్మన్న దొప్పలు నింపుతున్నాడు. కదురమ్మ ప్రతి దొప్పలోకీ తొంగి చూస్తోంది.

"అందరి దొప్పల్లోనూ నీ కళ్లేనా అక్కా! నీకూ ఒకటి పెడతాలే" అన్నాడు వాడు. అందరూ నవ్వారు.

రాణి యువరాజుని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. దొప్పలోంచి చిన్న ముద్ద తీసింది. ఊదింది. యువరాజు ఇంత నోరు తెరిచాడు. ఎర్రటి చిగుళ్లు, మెత్తటి నాలుక, చిన్న గొంతు.

"ఆగండమ్మా!"

ఎవరిదా కేక అని కదురమ్మకే తెలియలేదు. తనదే.

"పెట్టకండి. నా ముల్లు మొన విరిగింది. గుండిగలో పడిందో ఏమో. వాకిట్లో విప్పలేదు, గుండిగ మీదే విప్పాను. విరిగినప్పుడే తెలుసు. చెప్పలేదు."

తల్లులు దొప్పలు నేలకేసి కొట్టి పిల్లల్ని గుండెలకి హత్తుకున్నారు. రాణి లేచి నిలబడింది. ఆమె గర్జనకి గుహ పైకప్పునుంచి మట్టి రాలింది.

"ముళ్లదాన్ని వంటింట్లో పెట్టుకుంటే ఇంతే మహారాణీ" అన్నాడు కొమ్మన్న, బొంతయ్య వెనక నక్కుతూ.

బొంతయ్య తల దించుకున్నాడు. "గుండిగ మీదే విప్పమని కొమ్మన్న అంటుంటే విన్నాను, అది విప్పుతుంటే చూశానమ్మా. వేళ మించిపోతుందని కట్టె ఎగదోస్తూ కూర్చున్నాను. తప్పు దానొక్కదానిదే కాదు."

"వెతకండి" అంది రాణి.

అరిటాకులు పరిచి పరమాన్నమంతా పలచగా పోశారు. గింజ గింజా విడదీశారు. మొన దొరకలేదు. కొమ్మన్న చంకలు గుద్దుకున్నాడు. "చూశారా! అసలు పడనేలేదు. వట్టి పిరికితనంతో పండగ పాడుచేసింది. ఇక పెట్టేద్దామా అమ్మా?"

రాణి కదురమ్మ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. పెట్టమంటావా?"

'అవునమ్మా, పడలేదు' అంటే చాలు. పండగ నిలుస్తుంది, పని నిలుస్తుంది, అందరూ నవ్వుతారు.

"వద్దమ్మా. దొరకలేదు, అంతే. లేదని నాకు తెలియదు. తెలియనిది పసివాడి నోట్లో ఎలా పెట్టమంటాను?"

రాణి ఏ ప్రాణీ నాకకుండా ఆ పరమాన్నాన్ని లోతుగా పాతిపెట్టమంది. తోటలోంచి అరటిపళ్లు తెప్పించింది. తొక్కని పక్కకి ఒలిచి, పండు అటూ ఇటూ తిప్పి చూసి, చిదిమి, తన చేత్తో యువరాజు నాలుక మీద పెట్టింది. వాడు చప్పరించి కిలకిల నవ్వాడు.

"కదురమ్మా" అంది రాణి. "కట్టుబాటు తప్పినందుకు పక్షం రోజులు గుండిగలు నువ్వే తోమాలి. నీతోపాటు బొంతయ్య కూడా. కొమ్మన్న నెల రోజులు. ఆ తర్వాత నా బిడ్డకి పెట్టే ప్రతి ముద్ద సరుకూ నువ్వే విప్పాలి. అయితే ముల్లుతో వద్దు. మొన విరగని కంచు కత్తి చేయిస్తాను. విప్పే ముందొకసారి, విప్పాక ఒకసారి దాన్ని వెలుగులో చూడు."

"నేనా అమ్మా? ఇంత జరిగాక కూడానా?"

"భయం తెలిసినదానివి నువ్వొక్కదానివే కనిపించావు" అంది రాణి.

ఆ మొన ఎక్కడ పడిందో ఈనాటికీ ఎవరికీ తెలియదు. కదురమ్మ మాత్రం ఒక్కోరోజు కత్తిని వెలుగులో రెండుసార్లు చూశాక, మూడోసారి కూడా చూసేది.

నీతి: తినేవాళ్ల నోటిదాకా అనుమానాన్ని వెళ్లనివ్వకూడదు, జరిగిన పొరపాటుని ముద్ద నోటికి చేరేలోపే చెప్పేసేవాళ్లే పదిమందికి అన్నం పెట్టడానికి తగినవాళ్లు.