ఉప్పుబాట మీద ఎదురుకోలు

గంధవరం అని ఒక రాజ్యం ఉండేది. ఎంత రాజ్యమంటే, పొద్దున బయల్దేరిన ఎద్దుబండి మధ్యాహ్నం భోజనాల వేళకి పొలిమేర దాటేసేది. దాన్నేలే గజభీమరాజుగారి బిరుదులు మాత్రం అంత తొందరగా అయ్యేవి కావు. ఆయన మంచినీళ్ళు అడిగితే ముందు బిరుదులన్నీ చదవాలి, ఆ తర్వాతే చెంబు అందివ్వాలి. గొంతు ఎండిపోతున్నా సరే, ఆయనకి అదే ఇష్టం. మనిషి చెడ్డవాడు కాదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. దర్జా పిచ్చి, అంతే.

గంధవరానికి తూర్పున వెలగనూరు అని ఇంకో రాజ్యం. రెండూళ్ళకీ మధ్య ఎనిమిది కోసుల బాట. సముద్రం వైపు నుంచి ఉప్పుబళ్ళు దాని మీదే వచ్చేవి కనక ఉప్పుబాట అనేవారు. ఉప్పు ఇటు వచ్చేది, బెల్లం, నేతచీరలు, రాగిబిందెలు అటు వెళ్ళేవి. బాట పొడుగునా కమ్మరి కొలుములు, చక్రాలు బాగుచేసే వడ్రంగులు, చలిపందిళ్ళు. ఎంతమంది కడుపులు నింపిందో ఆ బాట.

ఒక ఏడాది వానలకి అది కాస్తా కొట్టుకుపోయింది. బాగుచెయ్యాలి కదా? ముందు వెలగనూరువాళ్ళు తట్టెడు మట్టి వెయ్యనీ, తర్వాత చూద్దాం అన్నారు మన రాజుగారు. అక్కడి రాజు కూడా అక్షరం పొల్లుపోకుండా అదే అన్నాడు. ముందు వేసినవాడు లోకువైపోతాడట! అలా ఏడేళ్ళు గడిచాయి. గోతుల్లో తుమ్మలు మొలిచాయి. బళ్ళు చుట్టుదారి పట్టాయి. రెండూళ్ళ బజార్లలోనూ దుకాణాలవాళ్ళు ఈగలు తోలుకుంటూ కూచున్నారు.

సరిగ్గా బాట నడుమ, రెండు పొలిమేరలూ కలిసేచోట, అచ్చాయమ్మ పూటకూళ్ళిల్లు ఉండేది. పూటకి వందమందికి వండి వార్చిన చెయ్యి ఆవిడది. ఇప్పుడు రోజుకి ఇద్దరు వస్తే గొప్ప. ఇక నా వల్ల కాదు, కార్తీకం వెళ్ళాక ఇల్లు మూసేసి ఎక్కడో దూరాన ఉన్న చెల్లెలి పంచన చేరతాను అని పేరన్నకి కబురు చేసింది.

పేరన్న రాజుగారి దగ్గర రాయసం చేసేవాడు. అంటే, ఆయన చెప్పిన ఉత్తరాలూ ఉత్తర్వులూ తాటాకు మీద రాసే పని. పదిహేనేళ్ళ కిందట బతుకుతెరువు వెతుక్కుంటూ ఆ బాటన వస్తూ, జ్వరంతో అచ్చాయమ్మ అరుగు మీద పడిపోయాడు. నువ్వెవరివని ఆవిడ అడగలేదు. తొమ్మిది రోజులు జావ పోసింది, మిరియాల కషాయం తాగించింది, పదో రోజు పథ్యం పెట్టి, దారికి పెరుగన్నం మూట కట్టి పంపింది. ఈ కబురు విన్న రోజు పేరన్నకి ముద్ద దిగలేదు. తనని బతికించిన పొయ్యి ఆరిపోతుంటే చూస్తూ కూచోవడానికా ఈ ఉద్యోగం అనుకున్నాడు.

రాజుగారికి చెబుదామంటే ఆయన సూటిగా చెబితే వినే రకం కాదు. సూటిగా మాట్లాడే రకం అంతకన్నా కాదు. ఏదైనా వెటకారంగా అనాల్సిందే. దొంగ దొరికితే కొట్టమనరు, "అల్లుడుగారికి పీట వెయ్యండి" అంటారు. పైగా ఆ మాట నోట వచ్చింది వచ్చినట్టే రాయాలి. ఒకసారి పేరన్న జనానికి అర్థం కావాలని ఒక్క మాట మార్చి రాస్తే, నెల్లాళ్ళు కొలువుకి రావద్దన్నారు.

ఇలా ఉండగా వెలగనూరు నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి వర్తకుల పెద్ద కోటప్పశెట్టి, నలభైమందిని వెంటబెట్టుకుని, బాట సంగతి మాట్లాడటానికి పౌర్ణమినాడు వస్తున్నాడట. పిలవకుండా వస్తారా అని రాజుగారికి ఒళ్ళు మండిపోయింది. నిండు కొలువులో మీసం మెలేస్తూ ఉత్తర్వు చెప్పారు.

"రాసుకో. పౌర్ణమినాడు ఊరు ఊరంతా వాళ్ళకి ఎదురు వెళ్ళాలి. మగవాడన్న ప్రతివాడూ పలుగూ పారా చేతబట్టాలి. పొలిమేరలోనే వాళ్ళకి దేహశుద్ధి చెయ్యాలి. కడుపునిండా పెట్టాలి. మనం చేసిన మర్యాద వాళ్ళు ఈ జన్మలో మర్చిపోకూడదు."

కొలువంతా పకపకా నవ్వింది. పేరన్న మాత్రం వంచిన తల ఎత్తకుండా రాశాడు. ఒక్క అక్షరం మార్చలేదు. పైకి చదివి వినిపిస్తే రాజుగారు మురిసిపోయి ముద్ర వేయించారు.

ఆ సాయంత్రమే పేరన్న పేటపేటకీ తిరిగి దాన్ని చదివాడు. ఎదురు వెళ్ళాలి అన్నచోట కాస్త ఆగి, మగపెళ్ళివారికి వెళ్ళినట్టే కదమ్మా అని ముసలమ్మల్ని అడిగాడు. ఇక చూస్కోండి! ఎదురుకోలుకి ఏమేం కావాలో గంధవరం ఆడవాళ్ళకి ఒకరు చెప్పాలా? మేళం కావాలన్నారు, పన్నీరు కావాలన్నారు, పానకం బిందెలు కావాలన్నారు. అయితే బిందె నెత్తిన పెట్టుకుని ఆ గోతుల్లో నడిస్తే, పొలిమేర చేరేసరికి పానకమంతా మా ఒంటి మీదే ఉంటుంది, ముందు బాట సంగతి చూడండి అని మగవాళ్ళని నిలదీశారు. పలుగూ పారా ఎందుకు పట్టమన్నారో మగవాళ్ళకి అప్పుడు బోధపడింది.

పన్నెండు రోజులు ఊరంతా బాట మీదే. తుమ్మలు కొట్టారు, గోతులు పూడ్చారు, గులకరాయి పోసి గట్టిగా కొట్టి చదును చేశారు. అవతలి వైపు నుంచి చూస్తున్న వెలగనూరువాళ్ళు ఊరుకుంటారా? మనకోసం వాళ్ళింత కష్టపడుతుంటే మనవైపు గోతుల్లో పడి లేచి వస్తే పరువేం ఉంటుంది అని వాళ్ళూ పనిలోకి దిగారు. కోటలో రాజుగారికి మాత్రం, జనమంతా పలుగులు పుచ్చుకుని బయటికి పోతున్నారన్న కబురొక్కటే చేరింది. తన్నులాటకి తయారవుతున్నారని ఆయన సంబరపడ్డారు. కొలువువాళ్ళెవరైనా వెళ్ళి చూడొచ్చు కదా అంటారేమో, వాళ్ళు ఎండలో గడప దాటే రకం కాదు.

పౌర్ణమినాడు పొద్దున్నే రాజుగారు ఆ వేడుక చూడాలని ఏనుగెక్కి బయల్దేరారు. తీరా పొలిమేర చేరేసరికి సన్నాయి మోగుతోంది. వెలగనూరు నలభైమందినీ వరసగా పీటల మీద కూచోబెట్టి, ఒళ్ళంతా నూనె పట్టించి తలంట్లు పోస్తున్నారు. పక్కనే అచ్చాయమ్మ ఇంట్లో ఉన్న పొయ్యిలన్నీ ఒక్కసారే మండుతున్నాయి. పులిహోర వాసన ఏనుగు మీదిదాకా వచ్చింది.

రాజుగారి ముఖం కందగడ్డయింది. పేరన్నని పిలిపించి, నేను రాయమన్నదేమిటి, ఇక్కడ జరుగుతున్నదేమిటి అని అడిగారు. పేరన్న ఆ తాటాకు తీసి నిదానంగా చదివాడు. ఎదురు వెళ్ళమన్నారు, మేళంతో వెళ్ళారు. పలుగూ పారా పట్టమన్నారు, పట్టి బాట వేశారు. దేహశుద్ధి చెయ్యమన్నారు, తలంటు అవుతోంది. కడుపునిండా పెట్టమన్నారు, అదిగో విస్తళ్ళు వేస్తున్నారు.

"నేనన్నది తన్నమని" అన్నారు రాజుగారు పళ్ళు నూరుతూ.

"ఆ మాట ఏలినవారి నోట రాలేదు. వచ్చి ఉంటే రాసేవాణ్ణే" అన్నాడు పేరన్న చేతులు కట్టుకుని. "లేని మాట చేరిస్తే తప్పని తెలుసు ప్రభూ. ఉన్న మాట ఉన్నట్టు రాసినా తప్పేనని ఈ రోజే తెలిసింది. శిక్ష వెయ్యండి."

రాజుగారు నోరు తెరిచేలోగా కోటప్పశెట్టి తడితలతోనే వచ్చి ఏనుగు ముందు సాగిలపడ్డాడు. నలభై ఏళ్ళుగా ఊళ్ళు తిరుగుతున్నాననీ, ఏం తెచ్చావని అడిగినవాళ్ళే గానీ తిన్నావా అని అడిగిన రాజుని చూడలేదనీ చెప్పుకున్నాడు. వచ్చే పౌర్ణమికి మీరు రండి ప్రభూ, మా రాజుతో సహా మా ఊరంతా మీకు ఎదురొస్తుంది అన్నాడు. చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. కుంకుడు రసం మంట కాదది.

అతని వెనకాలే అచ్చాయమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.

"ఏడేళ్ళయింది బాబూ, ఈ ఇంట్లో ఇంత అన్నం వార్చి. ఇల్లు మూసేద్దామనుకున్నాను. మీరు చల్లగా ఉండాలి" అంది.

బిరుదులు రోజూ వింటున్నారు గానీ, ఒక మనిషి మనసారా అలా అనడం రాజుగారు ఎన్నడూ వినలేదు. ఏనుగు దిగి, కోటప్పశెట్టి పక్కనే విస్తరి ముందు కూచున్నారు. రెండు ముద్దలు తిన్నాక భుజాలు కదిలాయి, ఆ తర్వాత పొట్ట కదిలింది. ఇక ఆపుకోలేక కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

తన చేతి బంగారు కడియం తీసి పేరన్నకి తొడిగి, ఇంకేం కావాలో కోరుకోమన్నారు. ఇంకొక్క ఉత్తర్వు చెప్పండి చాలు, రాసుకుంటాను అన్నాడు పేరన్న.

రాజుగారు చాలాసేపు ఆలోచించి, ఒక్కో మాటా తూచి పలికారు. "ఈ బాట రెండూళ్ళదీ. ఏటా వానలు వెలిశాక రెండూళ్ళూ కలిసి బాగుచెయ్యాలి. అచ్చాయమ్మ ఇక్కడే ఉండాలి." అని ఆగి, అనుమానంగా అడిగారు. "పేరన్నా, ఇందులో ఇంకో అర్థం ఏమైనా దూరుతుందా?"

"దూరదు ప్రభూ."

"అయితే రాయి. రాసి రెండుసార్లు చదువు. నాకు నీతో భయంగా ఉంది."

పంక్తంతా గొల్లున నవ్వింది. పేరన్న రాయడం మొదలుపెట్టాడు గానీ, అచ్చాయమ్మ పేరు దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మసకేసి ఘంటం కదల్లేదు. రాజుగారు అది చూసి, ఎంగిలి చెయ్యి కడుక్కుని, ఘంటం అందుకుని ఆ పేరు తన చేత్తో తనే రాశారు.