పోలయ్య బొట్టు

అనగనగా అంటే నిన్నో మొన్నో అనుకునేరు. గోదారి ఇంకా పడుచుగా ఉండి, ఒక్కచోట కుదురుగా పారని రోజుల మాట. ఊ కొట్టండి, చెబుతాను. మీరు ఊ కొట్టకపోతే మా పోలయ్య చెట్టు కొట్టడు.

గోదారి నడుమ జువ్విలంక అని ఒక లంక ఉండేది. ఆ లంకలో పోలయ్య అని చెట్లు కొట్టేవాడు ఉండేవాడు. వాడికున్న ఆస్తల్లా ఒక గొడ్డలి, ఒక రంపం, ఒక మోకు. ఆ మోకు భుజాన వేసుకుని వీధిలోకి వచ్చాడంటే చాలు, చెట్లున్నవాళ్ళు తలుపులు వేసుకునేవాళ్ళు. పెళ్ళికి పిలిచేవాళ్ళు కాదు. పురిటికి పిలిచేవాళ్ళు కాదు. గృహప్రవేశానికి అసలే పిలిచేవాళ్ళు కాదు. "ఆడొచ్చేడంటే ఏదో ఒకటి పడిపోద్దిరా బాబూ" అనేవాళ్ళు. పాపం పోలయ్య నవ్వి ఊరుకునేవాడు. నవ్వినా, మనసులో కష్టంగానే ఉండేది.

పని మాత్రం చూసి తీరాలి. ముందు చెట్టెక్కి గెలలు దింపేవాడు. మట్టలు ఒక్కొక్కటే తాడుతో కిందికి వదిలేవాడు. చెట్టు తలలోని మొవ్వు కింద మోకు కట్టేవాడు. ఎటు పడాలో అటువైపు గాటు పెట్టి, రెండోవైపు నుంచి రంపం వేసేవాడు. వేస్తూ చెట్టుతో మాట్లాడేవాడు.

"నెమ్మదమ్మా, నెమ్మది. తొందరేం లేదు."

చెట్టు అలాగే నెమ్మదిగా ఒరిగి పడుకునేది. పక్కనే గుడ్ల మీద పొదిగిన కోడిపెట్ట ఉంటే, అది లేచేది కాదు.

ఆ లంకకి తూర్పు ఒడ్డున అచ్చియ్యమ్మ అనే ముసలామె పాక వేసుకుని ఉండేది. ఆమెకి పిల్లల్లేరు. మూడు కొబ్బరి చెట్లున్నాయి. వాటినే పెద్దమ్మాయి, నడిపమ్మాయి, చిన్నమ్మాయి అని పిలుచుకునేది. నడిపమ్మాయికి కాస్త వంపు ఉంది. "నడుం మీద చెయ్యేసుకుని ఎలా నిలబడిందో చూడు, దీనికి పొగరెక్కువ" అని మురిసిపోయేది.

ఒక ఏడు గోదారి వచ్చి ఒడ్డు కొరికింది. పెద్దమ్మాయి పాక మీదికి ఒరిగింది. తప్పక అచ్చియ్యమ్మ పోలయ్యని పిలిచింది. పోలయ్య మోకు కట్టాడు, గాటు పెట్టాడు, రంపం వేశాడు.

"నెమ్మదమ్మా, నెమ్మది. తొందరేం లేదు."

పెద్దమ్మాయి పాక పక్కన వచ్చి పడుకుంది. పాక మీద ఆకు కదల్లేదు. అచ్చియ్యమ్మ చెట్టుని కావిలించుకుని బావురుమంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు తుడుచుకుని అంది.

"ఒరే పోలయ్యా! ఇంత మర్యాదగా పడుకోబెట్టేవు. నిలబెట్టడం రాదేంట్రా నీకు?"

పోలయ్యని ఆ మాట ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు వాడికి అన్నం సయించలేదు. రంపానికి పదును పెట్టబోయి, పెట్టకుండా పక్కన పడేశాడు.

రెండో ఏడు గోదారి మళ్ళీ వచ్చింది. ఈసారి నడిపమ్మాయి కాళ్ళ దాకా వచ్చింది. పోలయ్య గొడ్డలి ఇంట్లో పెట్టి, పలుగూ పారా పట్టుకుని వచ్చాడు.

"దీన్ని కొట్టనండి పెద్దమ్మా. లేపి పడమటి మెరక మీద పాతుతానండి."

ఊరు ఊరంతా నవ్వింది. కాసే చెట్టుని లేపడమేమిటని ఒకడు నవ్వాడు. రేపు మా ఇంటిల్లిపాదినీ లేపి పాతుతావా అని ఇంకొకడు నవ్వాడు. వీళ్ళిద్దరూ నవ్వుతున్నారని మూడోవాడు నవ్వాడు.

పోలయ్య చెట్టు చుట్టూ మూరలు కొలిచి తవ్వాడు. వేళ్ళు తెగ్గొట్టిన చోట నున్నగా కోశాడు. మట్టిముద్ద చెదరకుండా గోనెలు చుట్టాడు. మొవ్వుకి దెబ్బ తగలకుండా మట్టలన్నీ పైకి కట్టాడు. అరటి బోదెలు పరిచి, వాటి మీద చెట్టుని జారించుకుంటూ మెరక మీదికి తీసుకెళ్ళాడు. నవ్వినవాళ్ళే వచ్చి మోకు పట్టారు. గోతిలో దింపేటప్పుడు తలో మాటా అన్నారు.

"ఆ వంపు ఈధి వైపు తిప్పవయ్యా, అందంగా ఉంటది!"

నిజమే అనుకుని పోలయ్య తిప్పాడు. అచ్చియ్యమ్మ పాక కూడా లేపి ఆ పక్కనే వేశారు.

మొదటి నెల మట్టలు పండాయి. రెండో నెల మాను పగిలింది. మూడో నెల మొవ్వు ఊడి కిందపడింది. అచ్చియ్యమ్మ ఆ మొవ్వుని తీసి ఒళ్ళో పెట్టుకుంది. తిట్టినా బాగుండేదని పోలయ్య కుమిలిపోయాడు.

మూడో ఏడు వచ్చింది. ఎగువన వానలు పడి ఎర్రనీళ్ళు దిగుతున్నాయని కబురొచ్చింది. ఒడ్డున చిన్నమ్మాయి ఒక్కతే ఉంది. అచ్చియ్యమ్మ చాప చుట్టి చంకన పెట్టుకుంది.

"నేను దాని దగ్గరికే పోతన్నాను. గోదారి తీసుకెళ్తే ఇద్దర్నీ తీసుకెళ్తది" అంది.

ఎవరెంత బతిమాలినా వినలేదు. చివరికి పోలయ్య వెళ్ళి దారికి అడ్డం నిలబడ్డాడు. చూస్తే ఆమె నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి, దాని మీద సున్నం పట్టు.

"ఆ బొప్పేంటండి పెద్దమ్మా?"

"ఏం చెప్పమంటావురా! అరవయ్యేళ్ళు నా గుమ్మం తూర్పునే ఉండేది. ఈ కొత్త పాకలో పడమటికొచ్చి కూచుంది. పొద్దున్నే లేచి గుమ్మం అనుకుని గోడలోకి నడుత్తున్నాను. ఏడాదైంది, ఇప్పటికీ అంతే!"

పోలయ్యకి నవ్వొచ్చింది. నవ్వబోయి, నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"పెద్దమ్మా! మన నడిపమ్మాయికి కూడా బొప్పే కట్టిందండి. ఎండ ఎరగని పక్కని ఎండకి తిప్పేసేనండి. పగిలింది ఆ పక్కేనండి!"

ఆమె ఆకువక్క సంచిలోంచి సున్నపుకాయ లాక్కుని ఒడ్డుకి పరిగెత్తాడు. చిన్నమ్మాయి ఇంకా నిలబడి ఉండగానే, తూర్పు వైపు మాను మీద వేలితో సున్నపు బొట్టు పెట్టాడు. అప్పుడు పలుగు పట్టాడు.

నీళ్ళు ఒడ్డు తాకుతున్నాయి. పోలయ్య చేతులు గబగబా తవ్వుతున్నాయి. నోరు మాత్రం అదే మాట అంటోంది.

"నెమ్మదమ్మా, నెమ్మది. తొందరేం లేదు."

తొందర ఎందుకు లేదు, గోదారి మడమల దాకా వచ్చేసింది! ఊరంతా వచ్చి మోకు పట్టింది. పిల్లని అత్తారింటికి పంపుతుంటే డప్పు లేకపోతే ఎలాగని అచ్చియ్యమ్మ పేచీ పెడితే, ఎవరో పరిగెత్తి డప్పు తెచ్చారు. చిన్నమ్మాయి అరటి బోదెల మీద ఊరేగుతూ మెరక ఎక్కింది. గోతిలో దింపేటప్పుడు మళ్ళీ తలో మాటా మొదలైంది. ఎప్పుడూ గొంతెత్తని పోలయ్య ఆ రోజు ఎత్తాడు.

"అందం గిందం తర్వాతండి! బొట్టు తూర్పుకి!"

చిన్నమ్మాయి వీధికి వీపు తిప్పి నిలబడింది.

మొదటి నెల మట్టలు వాలాయి. రెండో నెల వాలిన మట్టలు వాలినట్టే ఉన్నాయి. మూడో నెల మొవ్వులోంచి పచ్చటి ఆకు ఒకటి పైకి లేచింది. ఏడాది తిరిగేసరికి గెల వేసింది. అచ్చియ్యమ్మ మొదటి బొండం కొట్టించి పోలయ్య చేతిలో పెట్టింది. వాడిని పీట మీద కూర్చోబెట్టి నుదుట కుంకుమ బొట్టు పెట్టింది.

"ఇన్నేళ్ళలో నాకు బొట్టెట్టిన మొదటి గుమ్మం మీదేనండి పెద్దమ్మా" అన్నాడు పోలయ్య. అని, బొండం తాగకుండా ఏడ్చాడు. ఆ ఏడుపు సంతోషపు ఏడుపు.

తర్వాత గోదారి తూర్పు ఒడ్డంతా మింగింది. మింగితే మింగింది. అప్పటికే పోలయ్య ఊరి కొబ్బరి చెట్లన్నిటినీ బొట్టు పెట్టి మెరకకి చేర్చేశాడు. ఆ పైన ఎవరింట్లో శుభకార్యమైనా మొదటి పిలుపు వాడిదే.

కాలం తీరి పోలయ్య పోయాడు. వాడి మాట పోలేదు. ఇప్పుడు మోటారు రంపాలొచ్చాయి, చెట్లు లేపే క్రేన్లొచ్చాయి. అయినా ఆ చుట్టుపక్కల చెట్టు కదిలించాలంటే ముందు తూర్పు వైపు సున్నపు బొట్టు పెడతారు. దాన్ని పోలయ్య బొట్టు అంటారు. కొట్టాల్సి వస్తే, మోటారు రంపం మీద చెయ్యి వేసి, దాని తాడు లాగే ముందు, "నెమ్మదమ్మా, నెమ్మది" అంటారు.

ఆ ఊరికి కొత్త కోడలు వస్తే అత్తగారు అడిగే మొదటి మాట కూడా దిక్కు గురించే. "మీ ఇంట్లో గుమ్మం ఏ దిక్కమ్మా?" అని అడిగి, పొద్దున్నే లేచేసరికి గుమ్మం అలవాటైన పక్కనే ఉండేలా మంచం తిప్పి వేస్తారు. అందుకే ఆ ఊళ్ళో ఏ కోడలి నుదుటా బొప్పి కనబడదు. బొట్టే కనబడుతుంది.

కథ మెరకకి, మనం మంచాలకి. ఇంతకీ మీ మంచం ఎటు తిరిగి ఉంది?