బస్సు హారనూ బీపీ మాత్రలూ

కండెలపాలెం నేతపేటలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే మాణిక్యమ్మ ఆలోచించకుండా తన గుమ్మమే చూపించేది. "మిగతావాళ్ళు చెప్పింది సగం వింటారు, మిగతా సగం సొంతం కలుపుతారు. మా ఇంట్లో ఆ తేడాల్లేవు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం" అనేది. ఆమె భర్త నాగభూషణం మగ్గం మీంచే తలూపేవాడు. పెళ్ళీ పెటాకులూ లేని మరిది కోటిలింగం "వదిన అన్నదంటే అన్నదే" అనేవాడు. ఇంట్లో ముగ్గురుంటే ముగ్గురూ ఒప్పుకున్నారు. ఇంక పేటలో వాళ్ళని అడిగేదేముంది?

ఒకరోజు నర్సు ఝాన్సీ ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేస్తూ, నాగభూషణానికి బీపీ, షుగరు రెండూ ఎక్కువే అని తేల్చింది. "బాబాయ్ గారూ, అశ్రద్ధ చేస్తే పక్షవాతం వస్తుంది. చెయ్యి పడిపోతే ఇక పడుగులో నాడె విసిరి బట్ట నెయ్యలేరు" అని తెల్లమాత్రలూ పచ్చమాత్రలూ చేతిలో పెట్టింది. రోజుకొక్కసారి, రెండూ కలిపి.

మాణిక్యమ్మ భర్త చేతులకేసి చూసింది. తన పెళ్ళిచీర నేసింది ఆ చేతులే. నలభై ఏళ్ళుగా ఇంట్లో పొయ్యి వెలిగిస్తున్నవీ అవే.

"రోజూ అంటే మర్చిపోతామేమోనమ్మా" అంది.

"పొద్దున్న ఏడింటికి బస్సు హారన్ కొడుతుంది కదా పిన్నిగారూ, అది వినపడగానే ఇచ్చెయ్యండి."

అంతే! మర్నాడు ఆరున్నరకే నాగభూషణం అరచేతిలో మాత్రలు, కోటిలింగం చేతిలో నీళ్ళగ్లాసు. ఏడైంది, ఎనిమిదైంది. బస్సు దారిలో ఎక్కడో చెడిపోయిందట, రాలేదు. "వదినా, ఇవాళ ఏడు కాలేదు" అన్నాడు కోటిలింగం. చేతి చెమటకి కరిగిపోయిన మాత్రలని చూసి మాణిక్యమ్మ బస్సువాళ్ళని తిట్టిపోసింది.

ఆ మర్నాడు పేటలో పెళ్ళి. పెళ్ళివారి బస్సు వీధి మలుపులో ఇరుక్కుని హారన్ కొట్టింది. ఒక జత వేశారు. మళ్ళీ కొట్టింది. ఇంకో జత వేశారు. మూడోసారి మోగేసరికి నాగభూషణం కళ్ళు తిరిగి మగ్గం గుంటలోకి జారిపోయాడు. ఇంకేముంది, కోటిలింగం వీధిలోకి పరిగెత్తి "హారన్ ఆపండయ్యా, మా అన్నయ్య పోతాడు!" అని డ్రైవర్ కాళ్ళ మీద పడ్డాడు. పెళ్ళివారికి సంగతేమిటో ఇప్పటికీ తెలీదు.

ఝాన్సీ వచ్చి తల పట్టుకుంది. "బస్సు మాటెత్తకండి. మాత్ర వేసుకున్న రోజున క్యాలెండర్లో టిక్కు పెట్టండి. టిక్కుంటే వేసుకున్నట్టు, లేకపోతే వేసుకోనట్టు. సరేనా?"

"దీనికేం భాగ్యం!" అన్నాడు కోటిలింగం. రోజూ పెన్ను వెతుక్కోవడం ఎందుకని, ఆమె గుమ్మం దాటగానే నెలంతటికీ ఒకేసారి టిక్కులు కొట్టేశాడు. మర్నాటినుంచి మాణిక్యమ్మ లేవగానే క్యాలెండర్ చూడ్డం, టిక్కుంది కదా అని నిశ్చింతగా కాఫీ పెట్టుకోవడం.

"ఏమే, నేను వేసుకున్నట్టు గుర్తు లేదే" అన్నాడు నాగభూషణం.

"మీకు గుర్తుండదనే కదా టిక్కు పెట్టమంది!"

పన్నెండు రోజులు అలా గడిచాక తల దిమ్ముగా ఉందంటూ ఆయనే ఆసుపత్రికి నడిచాడు. ఈసారి ఝాన్సీ బాగా ఆలోచించింది. "మగ్గం ఎక్కడం మాత్రం ఎన్నడూ మర్చిపోరు కదా బాబాయ్ గారూ? మగ్గం ఎక్కే ముందు వేసుకోండి" అంది.

వారం రోజులు గడియారంలా జరిగింది. తర్వాత అమావాస్య వచ్చింది. అమావాస్యనాడు నేతపేటలో మగ్గం ముట్టుకోరు. మగ్గం లేదు కనక మాత్ర లేదు. మర్నాటికి నెయ్యడానికి మగ్గం మీద పడుగు నూలు లేదు, కొత్త పడుగు ఎక్కేదాకా నాలుగు రోజులు ఖాళీ. అప్పుడే వాన పట్టుకుని మగ్గం గుంటలోకి నీళ్ళొచ్చాయి. తొమ్మిదోనాడు నాగభూషణం మగ్గమెక్కి నాడె అందుకోబోతే, ఎడమచెయ్యి తిమ్మిరెక్కి పట్టు దొరకలేదు. నాడె కిందపడింది.

మాణిక్యమ్మ ఘొల్లుమంది. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చూసి, సమయానికి వచ్చారు కాబట్టి చెయ్యి దక్కిందన్నాడు. ఝాన్సీ ఆమెని పక్కకి పిలిచింది. "పిన్నిగారూ, బస్సులొద్దు, టిక్కులొద్దు, మగ్గాలొద్దు. రోజూ టిఫిన్ అవగానే మీ చేత్తో మీరే ఇవ్వండి. వానొచ్చినా, వరదొచ్చినా."

భయం ఎంత పని చేస్తుందో! రెండు నెలలు ఒక్క పూట తప్పకుండా ఇచ్చింది. ఝాన్సీ ఇంటికొచ్చి నాగభూషణాన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. వీపు ఆనించి, పాదాలు నేలకి తాకించి, చెయ్యి బల్లమీద పెట్టించి, "అయిదు నిమిషాలు మాట్లాడకండి" అని, అప్పుడు బీపీ చూసింది. ఆమె ముఖం విప్పారింది. "ఎంత బాగుందో పిన్నిగారూ! మీ చలవే. ఇకమీదట దీన్ని ఇలాగే ఉంచండి."

మాణిక్యమ్మకి ఆనందంతో కళ్ళనీళ్ళొచ్చాయి.

మర్నాడు పది గంటలకి ఝాన్సీ ఆ వీధిలో వెళుతుంటే ఆ ఇంట్లో మగ్గం చప్పుడు లేదు. కంగారుపడి లోపలికి వెళ్ళింది. నాగభూషణం నిన్నటి కుర్చీలోనే ఉన్నాడు. వీపు జారకుండా పాత చీరతో కుర్చీకి కట్టారు. పాదాలు నేలమీద, చెయ్యి బల్లమీద. మోచెయ్యి కదలకుండా కోటిలింగం రెండు చేతులా పట్టుకుని, నిద్రలేక తూలుతున్నాడు. నాగభూషణం ఆమెని చూసి కళ్ళు గిరగిరా తిప్పాడు.

"ఏమైంది బాబాయ్ గారూ?"

"ష్! ఆయన్ని మాట్లాడించకమ్మా" అంది మాణిక్యమ్మ గుసగుసగా. "నిన్న నువ్వు చూసినట్టే ఉంచాం. వెంట్రుకవాసి కదల్లేదు."

ఝాన్సీ అక్కడే గడపమీద కూలబడింది. "ఇవాళ మాత్రలన్నా వేశారా?"

"ఎలా వేస్తానమ్మా, నోరు తెరవాలి కదా!" అంది మాణిక్యమ్మ గర్వంగా. "రెండు నెలలు మాత్రలేసి తెచ్చుకున్న బీపీని, ఒక్క మాత్ర కోసం పోగొట్టుకుంటామా?"