బోర్డు మీద ఉన్నదే

పేరిశాస్త్రి మాస్టారికి ఓ అలవాటుంది. కంప్యూటరు ప్రోగ్రాములు రాసే సి భాష గురించి ఎవరు ఏ సందేహం అడిగినా, "ముందు టిఫిను" అంటారు. కాకినాడలో ఆయన దగ్గర ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్న వాళ్ళందరూ ఆయన మేడ కింద ఉన్న మంగతాయారు హోటలు ఉప్పు తిన్నవాళ్ళే.

ఆ ఉదయం ఆయన శిష్యురాలు సుభాషిణికి టిఫిను మీద ధ్యాస లేదు. ఆమె రాసిన ప్రోగ్రాము రెండ్రోజుల్లో చినరేవులో పనిలోకి దిగాలి. తుఫాను హెచ్చరిక రాగానే మైకులో రేవు పేరు పిలిచి, పడవలను వెనక్కి రమ్మనాలి. రేవు పేరు, మాట్లాడవలసిన భాష, ఇలాంటివన్నీ యంత్రం ఎన్విరాన్‌మెంట్ అనే తన పట్టికలో పెట్టుకుంటుంది. గెటెన్వ్ అనే ఆదేశంతో అడిగితే ఇస్తుంది. సుభాషిణి మొదట్లోనే ఒకసారి రేవు పేరు అడిగి, అది ఇచ్చినదాన్ని భద్రంగా దాచుకుంది. ఇంట్లో యంత్రం మీద లక్షణంగా నడిచింది. రేవులో ఉన్న పాత యంత్రం మీద పరీక్షించినప్పుడు మాత్రం "చినరేవు పడవలు" అనవలసిన చోట "తెలుగు పడవలు వెనక్కి రండి" అని అరిచింది. విన్నవాళ్ళంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు. ఆ పడవల్లో ఒకటి ఆమె మేనమామ అప్పలస్వామిది.

"ఒకసారి అడిగి దాచుకోవడం తప్పా మాస్టారూ? పలికిన ప్రతిసారీ మళ్ళీ అడుగుతూ కూర్చోవాలా?"

"ముందు టిఫిను" అన్నారు మాస్టారు. "ఇద్దరికీ చెప్పిరా."

హోటలు గుమ్మంలో నల్లబోర్డు మీద సుద్దతో పెసరట్టు అని రాసుంది. సుభాషిణి దాని వంక ఓ చూపు విసిరి, "బోర్డు మీద ఉన్నదే, రెండు" అని మంగతాయారుతో చెప్పి, వచ్చి ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంది. ముందు వచ్చినవాళ్ళ వంతు అయ్యేసరికి చాలాసేపు పట్టింది. ఈలోగా మంగతాయారు గుమ్మం దాకా వెళ్ళి ఏదో తుడిచి, ఏదో రాసి వచ్చింది. మాస్టారు అది చూసి, తీరిగ్గా మంచినీళ్ళు తాగారు.

బల్ల మీదికి రెండు దిబ్బరొట్టెలు వచ్చాయి.

"ఇదేంటండీ, నేను చెప్పింది పెసరట్టు కదా!"

"పెసరట్టని ఎక్కడన్నారు తల్లీ? బోర్డు మీద ఉన్నదే అన్నారు. పిండైపోయింది, తుడిచేశాను. అదిగో, చూసుకోండి ఏవుందో."

సుభాషిణి తిరిగి చూసింది. అదే బోర్డు, అదే చోటు, అదే చేతిరాత. రాసున్నది మాత్రం దిబ్బరొట్టె. ఆమె చేతిలో రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"మాస్టారూ, గెటెన్వ్ నాకిచ్చింది పేరు కాదు, పేరు రాసున్న చోటు! తర్వాత నేను భాష ఏమిటని అడిగితే, ఆ పాత యంత్రం అదే చోట తుడిచి తెలుగు అని రాసేసింది. నేను దాచుకున్నది వట్టి బోర్డే." ఆమె గొంతులో భయం, సంతోషం కలగలిసిపోయాయి. "అయితే ప్రతిసారీ అడగనా?"

"ముద్దముద్దకీ లేచెళ్ళి బోర్డు చూస్తావా అమ్మాయ్? రొట్టె చల్లారిపోదూ!"

ఆమె అక్కడే కూర్చుని దిద్దింది. ప్రోగ్రాములో తక్కిన భాగాలు నిద్ర లేవకముందే పేరు ఒక్కసారి అడిగింది. అసలు పేరే పెట్టి ఉండకపోతే ఆ సంగతి చెప్పి ఆగిపొమ్మంది. ఉంటే, అక్షరం అక్షరం తన సొంత జాగాలోకి రాసుకుంది. ఆ తర్వాత పలికినదంతా ఆ నకలు చూసే. సాయంత్రం రేవులో మైకు "చినరేవు పడవలు వెనక్కి రండి" అంది. ఎన్నిసార్లు పలికించినా అదే మాట. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న అప్పలస్వామి తలెత్తి, "ఎవుర్ని పిలుస్తున్నావే, నేనిక్కడే ఉన్నాను కదా!" అని కేక వేశాడు. సుభాషిణికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

మర్నాడు ఆమె మాస్టారితో హోటలుకు వెళ్ళేసరికి బోర్డు మీద మళ్ళీ పెసరట్టు ఉంది.

"ఏంటమ్మా, బోర్డు మీద ఉన్నదేనా?" అంది మంగతాయారు, నవ్వు ఆపుకుంటూ.

"పెసరట్టండీ. రెండు పెసరట్లు."

మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"ఇక ఆవిడ బోర్డు తుడుచుకోవచ్చు" అన్నారు.