చిన్న చేట ముందు

ఊఁ కొట్టేవాళ్లు దగ్గరికి జరగండి, నిద్రొచ్చేవాళ్లు గోడకు ఆనుకోండి. అనగనగా ఒక ఊరు. ఆ ఊరి పేరు నూగులపాడు.

అక్కడిది ఎర్ర నేల. దానికి వరి అంటే గిట్టదు, నువ్వులంటే ప్రాణం. గింజ చల్లితే చాలు, నడుమెత్తు పెరిగేది. పూత పట్టిందంటే ఊరి చుట్టూ తెల్లటి పూలే. అయినా ఆ ఊళ్లో తాలింపు వెయ్యడానికి నూనె ఉండేది కాదు. పిల్లల తలలు ఎండుగడ్డిలా రేగిపోయి ఉండేవి. నువ్వుల ఊళ్లో నూనె లేకపోవడం ఏమిటని మీకు నవ్వొస్తుందేమో. వాళ్లకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

సంగతేమిటంటే, ఆ ఊళ్లో గానుగ లేదు. ఉన్న ఒక్క గానుగా ఆమడ దూరంలో, పట్నంలో ఉంది. అది మాణిక్యుడు అనే వర్తకుడిది. అతను నాలుగు గంపల నువ్వులు పుచ్చుకుని రెండు చెంబుల నూనె చేతిలో పెట్టేవాడు. ఇంతేనా అని అడిగితే, "మిగిలింది గానుగ తాగేసింది" అనేవాడు. ఎంత దాహం గల గానుగో, పాపం! పైగా గంపకు తక్కువైతే అసలు ఎక్కించేవాడే కాదు.

ఆ ఊళ్లో సోములమ్మ అని ఒక ఆవిడ ఉండేది. మగడు పోయాడు. పిల్లలు లేరు. ఆవిడకున్నదల్లా పెరట్లో ఒక చింతచెట్టు, చుక్కడు అనే ముసలి ఎద్దు. ఎవరిదో పొలం గట్టు మీద నాలుగు నువ్వుల మొక్కలు వేసుకునేది. ఆ ఏడు చేటెడు గింజలయ్యాయి. మురిసిపోయి, మూట కట్టుకుని, పట్నం దాకా నడిచి వెళ్లింది.

మాణిక్యుడు మూట విప్పి చూశాడు.

"ఇంతదానికి గానుగ తిప్పమంటావా? పిచ్చుకలకు వెయ్యి, పుణ్యమొస్తుంది" అన్నాడు.

పనివాళ్లు నవ్వారు. సోములమ్మ మూట కట్టుకుని అంత దూరమూ తిరిగి నడిచింది. ఇంటికొచ్చి చెట్టు కింద కూర్చుని ఏడ్చింది.

చుక్కడు పక్కకొచ్చి నిలబడ్డాడు. ఆ రోజుల్లో ఎద్దులు మాట్లాడేవి. ఇప్పుడూ మాట్లాడతాయేమో, వినే తీరికే మనకు లేదు.

"అమ్మా, పొలం దున్నే ఓపిక నాకు లేదు. ఉన్నచోటనే చుట్టూ తిరగమంటే నెమ్మదిగా తిరుగుతాను" అన్నాడు చుక్కడు.

సోములమ్మ కళ్లు తుడుచుకుని ఎద్దును చూసింది. తరువాత తలెత్తి చెట్టును చూసింది. గానుగ రోలు తొలచడానికి చింతమానుకు మించింది లేదని ఆవిడకు తెలుసు. కానీ ఆ చెట్టు మగడు నాటింది. ఆయన చేతిగుర్తు అంటూ మిగిలింది అదొక్కటే. మూడు రోజులు ఆ నీడలోనే కూర్చుంది. నాలుగో రోజు వడ్రంగిని పిలిచింది. చెట్టు కూలే వేళకు మాత్రం లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

వడ్రంగి రోలు తొలిచాడు, రోకలి చెక్కాడు. ఒకరు తాళ్లు తెచ్చారు, ఒకరు కాడి తెచ్చారు. ఊళ్లోకల్లా పెదరైతు జోగయ్య తన కళ్లం పక్కన జాగా ఇచ్చాడు. చూపు లేని గవిరయ్య చేతికర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"చెల్లెమ్మా, ఇవ్వడానికి నా దగ్గరేమీ లేదు. కానీ నా చెవులు మంచివి, ముక్కు మంచిది. గింజ ఎప్పుడు నూనె వదిలిందో చప్పుడు విని చెప్పగలను. పనికొస్తానా?" అని అడిగాడు.

"ఎంత మాట, అన్నా! నువ్వు లేకపోతే మేము గింజ మాడ్చుకుంటాం" అంది సోములమ్మ.

గానుగ నిలబడింది. "మాను నీది, ఎద్దు నీది. గానుగ నీదే" అన్నారు ఊరివాళ్లు.

"వద్దు బాబూ. నాదైతే నాలుగేళ్లకు నేనూ మాణిక్యుడిలాగే తయారవుతాను. అందరిదీ కానివ్వండి. నావి రెండే కోరికలు. చిన్న చేట ముందు, పెద్ద గంప వెనక. ఇంకోటి, ప్రతి వాయికీ ఒక గరిటె నూనె ఊరి కుండలో పొయ్యాలి. చేటెడు గింజలు కూడా లేని ఇళ్లుంటాయి."

"కుండ సంగతి సరే వదినా, చిన్న చేట ముందెందుకు?" అన్నాడు జోగయ్య.

"గంపలున్నవాడు ఒక పూట ఆగగలడు జోగయ్యా. చేటెడు తెచ్చుకున్నదాని ఇంట్లో పిల్లలు పొయ్యి దగ్గరే కూర్చుని ఉంటారు."

జోగయ్య తలూపాడు. ఊరంతా తలూపింది.

ఇక చూడండి ఆ ఊరి వైభోగం! పొద్దున్నే గానుగ కిర్రుకిర్రుమనేది. చుక్కడు తిరిగేవాడు. గవిరయ్య చెవి ఒగ్గి కూర్చుని, "వదిలింది, వదిలింది" అనేవాడు. కాలు సరిగా లేని చిట్టెమ్మ కూర్చున్న చోటనే నూనె కొలిచి పొరుగూళ్లవాళ్లకు అమ్మేది. నూనె పోగా మిగిలిన తెలగపిండి పశువులకు పెట్టేవారు. ఇంటింటా తాలింపు చిటపటలాడింది. పిల్లల తలలు నున్నగా మెరిశాయి.

ఈ కబురు పట్నం చేరింది. మాణిక్యుడికి కడుపు మండింది. గంపలు రావడం తగ్గిపోయింది మరి.

మొదటిసారి అతను నూనె కుండలు బండికెత్తించుకుని ఊళ్లోకి వచ్చాడు. "మీ నూనె ముతక. నా నూనె తేట. సగం గింజలకే ఇస్తాను, పట్టండి" అన్నాడు. జనం మూగారు. గవిరయ్య కూడా వెళ్లి, ఒక చుక్క అరచేతిలో వేయించుకుని వాసన చూశాడు.

"బాగుంది. కానీ ఇందులో సగం ఇప్పనూనె కదయ్యా!" అన్నాడు.

మాణిక్యుడు గబగబా కుండలు సర్దించాడు. బండి వెనక్కి మళ్లింది.

రెండోసారి అతను ఎవరూ చూడకుండా చుక్కడి దగ్గరికి వచ్చాడు. "నాతో వచ్చెయ్యి. పొద్దునా సాయంత్రం ఉలవలు పెడతాను. మెడలో ఇత్తడి గంట కడతాను" అని ఆశపెట్టాడు.

"మీ గానుగ దగ్గర ఎద్దులకు కళ్లగంతలు కడతారని విన్నాను" అన్నాడు చుక్కడు.

"కట్టకపోతే తల తిరిగి పడిపోవూ?"

"ఇక్కడ నాకు గంతలు లేవయ్యా. చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా సోములమ్మ మొహం కనబడుతుంది. ఇంక తలెందుకు తిరుగుతుంది?"

మాణిక్యుడు ఉలవల మూట చంకన పెట్టుకుని పోయాడు.

మూడోసారి అతను జోగయ్య ఇంటికి వెళ్లాడు. అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, మెల్లగా మొదలుపెట్టాడు.

"జోగయ్యగారూ, గానుగ నిలబడ్డ జాగా ఎవరిది?"

"నాదే."

"ఊళ్లో ఎక్కువ గింజలెవరివి?"

"నావే."

"మరి చేటెడు గింజల ముసలమ్మ వెనక మీరు నిలబడడమేమిటండీ? పట్నంలో అందరూ నవ్వుకుంటున్నారు."

మాణిక్యుడు అరుగు దిగి వెళ్లిపోయాడు. ఆ మాట మాత్రం జోగయ్య చెవిలోనే ఉండిపోయింది. పది రోజులు అతను గానుగ వైపు రాలేదు. ఇంట్లో నూనె నిండుకున్నా పంతం వదల్లేదు. పదకొండో రోజు తెల్లవారగానే పది గంపలు మోయించుకుని వచ్చాడు.

"ఇవాళ నావి ముందు" అన్నాడు.

"మాట అనుకున్నాం కదా జోగయ్యా" అంది సోములమ్మ.

"జాగా నాది" అన్నాడతను. చేటలు పట్టుకుని నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరూ పక్కకు జరిగారు.

తొందరగా కానివ్వాలని జోగయ్య రోలు అంచుదాకా గింజలు పోయించాడు. "వద్దు, రోలు ఇంకా తడవలేదు" అని గవిరయ్య అంటూనే ఉన్నాడు. చుక్కడిని అదిలించి తోలారు. మూడు చుట్లు అయ్యాయి. నాలుగో చుట్టులో ఫెళ్లుమంది. చింతరోలు పై నుంచి కింది దాకా రెండుగా విచ్చుకుంది. నువ్వులు మట్టిలోకి జారిపోయాయి.

 గవిరయ్య కర్రతో తడుముకుంటూ వచ్చి పగులును వేళ్లతో చూశాడు.

"రాత్రంతా పొడిబారిన కొయ్య ఇది. రోజూ ముందు చిన్న వాయి పడి మెల్లగా నూనె పట్టించేది. ఆ తరువాతే పెద్ద బరువు మోసేది. ఇన్నాళ్లూ దీన్ని కాపాడింది ఆ చేటలే" అన్నాడు.

సోములమ్మకు కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఆవిడ రోలు పక్కన కూర్చుని, విరిగిన అంచు మీద చెయ్యి వేసి, మగడు రెండోసారి పోయినట్టు ఏడ్చింది. జోగయ్య తలెత్తలేక ఇంటికి పోయాడు.

ఆ మధ్యాహ్నమే జోగయ్య కోడలికి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వచ్చి, "నూనె ఏదీ? గోరువెచ్చగా కాచి తెండి" అంది. ఇంట్లో వెతికితే చుక్క లేదు. కళ్లంలో గంపలకు గంపలు గింజలున్నాయి, పిండే దిక్కు లేదు. పట్నం వెళ్లి వచ్చేసరికి పొద్దుగుంకుతుంది. ఊళ్లో ఎవరినీ అడగడానికి మొహం చెల్లక జోగయ్య గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకున్నాడు.

అప్పుడు వీధిలోంచి సోములమ్మ వచ్చింది. ఏడ్చిన కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. చేతుల్లో ఊరి కుండ ఉంది.

"వదినా, గానుగ పగలగొట్టినవాణ్ని. నాకెందుకు తెచ్చావమ్మా?" అన్నాడు జోగయ్య.

"పగలగొట్టింది నువ్వు. నీ కోడలు కాదుగా! అడ్డు లే" అంది సోములమ్మ.

పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. జోగయ్య వాకిట్లో కూలబడి అందరి ముందూ ఏడ్చాడు.

మర్నాడు మాణిక్యుడి బళ్లు వరసగా వచ్చి నిలబడ్డాయి. "గానుగ పోయిందట కదా! ఇక గింజలు నాకు పొయ్యండి" అన్నాడతను. ఎవరూ కదల్లేదు. అందరూ జోగయ్య వైపే చూశారు. పది గంపల ఆసామి ఎటుంటే ఊరు అటే కదా మరి.

జోగయ్య గొడ్డలి భుజాన వేసుకుని తన తోటలోకి నడిచాడు. ఉన్నవాటిలోకల్లా పెద్ద చింతచెట్టును ఎంచి, మొదటి వేటు తానే వేశాడు. గొడ్డలి చప్పుడు వినగానే ఊరంతా అటు పరిగెత్తింది. వాళ్లను చూసి మాణిక్యుడు ఖాళీ బళ్లు తోలించుకుపోయాడు. మరి ఆ ఊరి జోలికి రాలేదు.

ఇరవయ్యో రోజుకు కొత్త రోలు నిలబడింది. మర్నాడు జోగయ్య మనవరాలి బారసాల. ఊరందరికీ భోజనాలు. అంటే ఆ రోజు నూనె తీయాల్సిందే.

"ఇవాళ నీవి ముందు కానివ్వు జోగయ్యా, రేపు శుభకార్యం" అన్నారు కొందరు పెద్దలు.

"అనుకున్న మాట అనుకున్నదే" అని జోగయ్య వెళ్లి అందరికంటే వెనక నిలబడ్డాడు.

చేటలు అయ్యాయి. బుట్టలు అయ్యాయి. చిన్న గంపలు అయ్యాయి. సాయంత్రానికి జోగయ్య వంతు వచ్చింది. అప్పటికి చుక్కడు అలిసిపోయి మోకాళ్ల మీద కూర్చున్నాడు. లేపడానికి ఎవరికీ మనసొప్పలేదు.

జోగయ్య ఎద్దు మెడ నిమిరి, కాడి తప్పించి, తన భుజాన వేసుకున్నాడు. తలపాగా తీసి నడుముకు బిగించి తిరగడం మొదలుపెట్టాడు. పెదరైతు గానుగెద్దయ్యాడని పిల్లలు కిసుక్కున నవ్వారు. రెండు వాయిలయ్యేసరికి అతని కాళ్లు వణికాయి. ఇంకా చాలా గంపలు మిగిలే ఉన్నాయి.

అప్పుడు, పొద్దున అందరికంటే ముందు చేటెడు గింజలు ఆడించుకుపోయిన పాలేరు పెళ్లాం సీతాలు వచ్చి కాడికి రెండో పక్క పట్టుకుంది.

"నువ్వెందుకమ్మా? నీ పని అయిపోయిందిగా!" అన్నాడు జోగయ్య రొప్పుతూ.

"అయిపోయింది కాబట్టే వచ్చాను మావా. వంట చేశాను, పిల్లలు తిన్నారు. చేతులు ఖాళీగా ఉన్నాయి" అంది సీతాలు.

ఆమె వెనక ఇంకొకరు వచ్చారు. ఆ వెనక చేటలవాళ్లు, బుట్టలవాళ్లు, అందరూ వచ్చారు. ఒకరు అలిస్తే ఇంకొకరు కాడి పట్టారు. గవిరయ్య "వదిలింది, వదిలింది" అంటూనే ఉన్నాడు. సోములమ్మ ప్రతి వాయికీ ఒక గరిటె ఊరి కుండలో పోస్తూనే ఉంది. దీపాలు పెట్టే వేళకు జోగయ్య గంపలన్నీ ఖాళీ అయ్యాయి. అతను కాడి దింపి, చెమట తుడుచుకుని, తన చుట్టూ నిలబడ్డ ఆ మనుషులందరికీ చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

అందుకే పిల్లలూ, చివరివాణ్ని ముందు నిలబెట్టుకున్న ఊళ్లో ఎవరూ వెనకబడిపోరు.