విసిరేవాళ్ళ ఇంటి గృహప్రవేశం

ఒకానొక రాజ్యంలో, వానకంటే ఎండకే ఎక్కువ పేరున్న మెట్టసీమలో, వీరకీర్తి అనే రాజు ఉండేవాడు. వైశాఖం వస్తే కాకులు సైతం నోళ్ళు తెరుచుకుని కూర్చునే ఊరది. రాజనగరులో మాత్రం ఎప్పుడూ మాఘమాసమే. కిటికీలన్నిటికీ వట్టివేళ్ళ తడికెలు. వాటిమీద పొద్దస్తమానం నీళ్ళు చల్లేవాళ్ళు కొందరు, రాజుగారి వెనక నిలబడి విసిరేవాళ్ళు కొందరు. చేతులు మారేవి గానీ గాలి ఆగేది కాదు. ఆ చల్లదనమంతా తన పూర్వపుణ్యమని రాజు నమ్మకం.

ఆ విసిరేవాళ్ళూ, నీళ్ళవాళ్ళూ కాపురముండే వీధి కోట గుమ్మానికి ఎదురుగానే ఉండేది. మందపాటి మట్టిగోడలు, పైన రెల్లుగడ్డి కప్పు, ఎదురెదురుగా రెండు కిటికీలు. చూపుకు ఆనవు గానీ, ఒళ్ళు వాల్చితే నిద్రపట్టే ఇళ్ళు. పొరుగు రాజ్యం నుంచి రాయబారులు వస్తున్నారనేసరికి రాజుకు ఆ వీధి కంట్లో నలుసైంది. పడగొట్టించి, ఆ చోటనే నల్లరాతి ఇళ్ళు బారుగా కట్టించాడు. పైకప్పు కూడా రాతి పలకలే. కిటికీలుంటే వాటికి పాత గుడ్డలు ఆరేస్తారని ఒక్క కిటికీ పెట్టనివ్వలేదు. ప్రతి గుమ్మం పైనా ‘వీరకీర్తి గృహం’ అని చెక్కించాడు. గోడకు చిల్లి పెట్టినవాడికి దేశబహిష్కారమని చాటింపు వేయించాడు.

ఆస్థానంలో వేదాద్రి అని ఒక చమత్కారి ఉండేవాడు. పురిట్లోనే తల్లి పోతే అతన్ని పెంచి పెద్దచేసింది ఆ వీధిలోని రావమ్మే. ఆమె మనవణ్ణి, మూడో నెల పసివాణ్ణి, చూడబోయిన వేదాద్రి గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల కుమ్మరి ఆవంలా ఉంది. పొయ్యి పొగ పోయే దారి లేదు. పసివాడి ఒళ్ళంతా చెమటకాయలు.

రావమ్మ గొంతు పెంచే మనిషి కాదు. “నిన్నటినుంచి రొమ్ము పట్టడం లేదు నాయనా,” అంది. “ఏడుపు కూడా సన్నగిల్లిపోయింది.”

బయట పడుకుందామంటే వీధి అందం చెడుతుందని తలారులు లోపలికి తోలుతున్నారట. చంకలో బిడ్డ ఉన్న బాలింతకు కర్ర చూపించడానికి వాళ్ళకు చేతులెలా వచ్చాయో ఆ భగవంతుడికే తెలియాలి. రాజుగారితో మొరపెట్టుకుంటే, “రాతి ఇల్లు ఇస్తే ఉక్కపోత అంటారా? సుఖం అలవాటు లేని ఒళ్ళు” అని నవ్వాడట. ఆ మాట అన్నప్పుడు రాజుకు విసురుతున్నది రావమ్మ కొడుకే.

వేదాద్రికి తెలుసు, రాజు ముందు కోపం చూపితే మెడ పోతుందే తప్ప పని కాదు. మర్నాడు సభలో చేతులు కట్టుకుని, ఆ ఇళ్ళకు గృహప్రవేశం జరగనే లేదని గుర్తుచేశాడు. వాస్తుహోమం లేని ఇల్లు కట్టినవారికి కీర్తి ఇవ్వదనీ, గుమ్మం పైన ఎవరి పేరుందో పీట మీద కూర్చోవలసింది వారేననీ విన్నవించాడు. రాజు పురోహితుడి వంక చూశాడు. శాస్త్రం అదేనన్నాడాయన. రాయబారుల కళ్ళముందు తన పేరున వేడుక అనేసరికి రాజు ఉబ్బిపోయాడు. మిట్టమధ్యాహ్నం అభిజిల్లగ్నంలో ముహూర్తం కుదిరింది. మొదటి ఇల్లు రావమ్మది.

రాణిగారు తెలివైనది. తలనొప్పి అని కబురు పంపి తప్పుకుంది.

ముందు ఆవును లోపలికి నడిపించాలి కదా. అది గుమ్మం దాకా వచ్చి, లోపలి సెగ మొహానికి తగలగానే గిరుక్కున వెనక్కి తిరిగింది.

“సుఖం అలవాటు లేని ఒళ్ళు ప్రభూ,” అన్నాడు వేదాద్రి. నలుగురు కలిసి దాన్ని తోయవలసి వచ్చింది.

రాజు పట్టుబట్టలు కట్టి, కిరీటం పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు. చేతికి కంకణం కట్టారు. పాలు పొంగించారు. హోమం రాజుకుంది. నెయ్యి పడ్డకొద్దీ పొగ లేచి, పోయే దారి లేక, కప్పుకు కొట్టుకుని రాజు మొహం మీదికే దిగింది. పైన కాలే రాయి, చుట్టూ కాలే రాయి. కస్తూరి బొట్టు కరిగి ముక్కు మీదికి జారింది. కిరీటం తీసి పక్కన పెట్టాడు. కాసేపటికి లేవబోయాడు.

“కంకణం కట్టుకున్నాక పూర్ణాహుతి కాకుండా లేస్తే వంశానికి కీడు ప్రభూ,” అన్నాడు వేదాద్రి మెల్లగా.

“ఎవరినైనా విసరమను,” అన్నాడు రాజు రొప్పుతూ.

“విసరడమే ఈ ఇంటివాళ్ళ పని. ఇప్పుడు వీధి పందిట్లో రాయబారులకు విసురుతున్నారు.”

“పిలిపించు.”

“పిలిస్తే వస్తారు. తమరు నగరుకు వెళ్ళిపోయాక, ఈ ఇంట్లో వాళ్ళకు విసిరేదెవరు ప్రభూ?”

రాజు కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు కనిపించింది, మూలన కూర్చుని తడిగుడ్డతో బిడ్డ ఒళ్ళు అద్దుతున్న తల్లి. బిడ్డ నోరు తెరిచే ఉంది. ఏడుపు మాత్రం బయటికి రావడం లేదు.

“గోడ పగలగొట్టండి,” అన్నాడు రాజు.

“చిల్లి పెట్టినవాడికి దేశబహిష్కారం కదా.”

“ఆ ఆజ్ఞ రద్దు.”

“ఈ ఒక్క ఇంటికా?”

“అన్ని ఇళ్ళకూ. ముందు ఈ గోడ సంగతి చూడవయ్యా బాబూ.”

గునపాలు వీధిలో సిద్ధంగానే ఉన్నాయి. ఎదురెదురు గోడల్లో రాళ్ళు ఊడాయి. పొగ ఒక వైపు నుంచి పోయింది, గాలి రెండో వైపు నుంచి వచ్చింది. వడగాలే. అయినా గాలి గాలే. కొంతసేపటికి బిడ్డ గుక్కపట్టి ఏడ్చాడు. తల్లి అటు తిరిగి కూర్చుని రొమ్ము అందించింది. పట్టాడు. రావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పూర్ణాహుతి అయ్యాక రాజు వేదాద్రి వైపు చూశాడు. “నన్ను పీటకు కట్టేసి పొగబెట్టావు.”

“నేనా ప్రభూ? మీ ఇల్లే పెట్టింది.”

రాజు మూతి మొదట బిగుసుకుని, తరువాత వంకర తిరిగింది. వానలు పడేలోపు ఇంటింటికీ రెండేసి కిటికీలు పెట్టాలనీ, రాతి కప్పులు దించి మళ్ళీ రెల్లు కప్పాలనీ అక్కడే ఆజ్ఞ ఇచ్చాడు. మెడలోని ముత్యాల హారం తీసి వేదాద్రి మెడలో వేసి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

వేదాద్రి హారాన్ని కళ్ళకద్దుకున్నాడు. ఇళ్ళు బాగుపడేదాకా మధ్యాహ్నంపూట నగరులో విసిరేవాళ్ళను ఇళ్ళకు పంపమన్నాడు, తమ బిడ్డలకు విసురుకోవడానికి.

“మరి నాకో?”

“దేవుడు తమకూ రెండు చేతులిచ్చాడు ప్రభూ.”

రాజు తన చేతుల వంక చూసుకున్నాడు. పొగకు ఎర్రబడ్డ కళ్ళలోంచి నీళ్ళు కారేదాకా పగలబడి నవ్వి, సరేనన్నాడు.

ఆ ఏడు ఎండలు తగ్గింది లేదు. వీరకీర్తి మహారాజుకు కుడి భుజం నొప్పి పట్టుకుందనీ, మధ్యాహ్నాలు ఎడమచేత్తో విసురుకునేవాడనీ ఆ ఊళ్ళో చెప్పుకునేవారు.